వానాకాలం జ్వరాల జాడ: అధికారిక లెక్క రాకముందే దిశ చెప్పే డేటా కోసం ప్రాజెక్టు డైరీ

పని ఒక్కటే. జిల్లాలో జూన్ నుంచి నవంబరు దాకా డెంగీ, ఇతర జ్వరాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది వారం వారం చెప్పాలి. ఎన్ని కేసులో తేల్చేది జిల్లా సర్వైలెన్స్ యూనిట్ (వ్యాధుల నిఘా విభాగం). మాకు దిశ తెలిస్తే చాలు, కాకపోతే అధికారిక లెక్క బయటికి రాకముందే తెలియాలి. ఇంకో జిల్లాలో ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు ఉపయోగపడాలని ఏది ఎక్కడ తప్పిందో, దేన్ని ఎందుకు మార్చామో దశలవారీగా రాస్తున్నాం. పనిముట్లు: ఒక ల్యాప్‌టాప్, స్ప్రెడ్‌షీట్, కొంచెం పైథాన్, చాలా ఫోన్ కాల్స్.

## దశ 1 (1–2 వారాలు): దేనితో పోల్చి చూడాలి?

కొత్త ఆధారం నమ్మదగినదో కాదో తేల్చడానికి ముందు గీటురాయి కావాలి. మన దేశంలో అది ఐడీఎస్‌పీ, అంటే కేంద్ర ప్రభుత్వ సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం. 2004లో మొదలైన ఈ వ్యవస్థలో మూడు ఫారాలు. ఎస్ ఫారం ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి నింపేది, పి ఫారం డాక్టరు అనుమానాన్ని బట్టి నింపేది, ఎల్ ఫారం ల్యాబ్ నిర్ధారణ. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఏడు రాష్ట్రాల్లో ఇది ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించింది. అప్పుడే వ్యాధుల జాబితా 18 నుంచి 33కి పెరిగింది.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ల్యాబ్ నిర్ధారణ కాబట్టి ఎల్ ఫారం సంఖ్యే సత్యమనుకుని గ్రాఫ్ గీశాం. అది జ్వరాల గ్రాఫ్ కాదు, పరీక్షల గ్రాఫ్. డెంగీని ఎలైసా పరీక్షతోనే ఖాయం చేస్తారు. జ్వరం వచ్చిన మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్-1 (వైరస్ ప్రొటీన్) కోసం, ఆ తర్వాత ఐజీఎం (శరీరం తయారుచేసే యాంటీబాడీ) కోసం చూస్తారు. ప్రైవేటు క్లినిక్‌లో కార్డు టెస్టు పాజిటివ్ వచ్చినా అది అనుమానిత కేసు మాత్రమే. అంటే ఎల్ ఫారంలో అంకె పెరగాలంటే శాంపిల్ సెంటినల్ (నిర్ధారణ పరీక్షకు ప్రభుత్వం గుర్తించిన) ఆసుపత్రి దాకా చేరాలి, కిట్లు ఉండాలి, సరైన రోజున రక్తం తీసి ఉండాలి. ఒక ఊళ్లో వైద్య శిబిరం పెడితే ఆ వారం అంకె ఎగిరిపడుతుంది.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక వారం 40 శాంపిళ్లలో 8 పాజిటివ్, మరుసటి వారం 120 శాంపిళ్లలో 18 పాజిటివ్ అనుకుందాం. పాజిటివ్‌లు రెట్టింపు దాటాయి. శాతం మాత్రం 20 నుంచి 15కి దిగింది. అందుకని గీటురాయిని మార్చాం: పాజిటివ్‌ల శాతం ఒక గీత, పి ఫారం జ్వరాలు రెండో గీత. ఎన్ని పరీక్షలు చేశారో తెలియని వారానికి గీత గీయడం మానేశాం.

దీనికి తోడు ఐడీఎస్‌పీ వారంవారీ అవుట్‌బ్రేక్ (ఒకచోట జబ్బు ఒక్కసారిగా ప్రబలడం) పీడీఎఫ్‌లు. వాటి నుంచి పట్టిక తీసే క్రమం:

1. ఫైలు పేరును సంవత్సరం, వారం సంఖ్యతో మార్చి భద్రపరచాలి.
2. చర్యల వివరాలు రాసే గడి చాలాసార్లు తర్వాతి పేజీకి జారుతుంది. ఆ వరుసలను విశిష్ట సంఖ్య ఆధారంగా అతకాలి. అందులో రాష్ట్రం, జిల్లా, ఏడాది, వారం, క్రమసంఖ్య వరుసగా ఉంటాయి.
3. అవుట్‌బ్రేక్ మొదలైన తేదీ, నివేదించిన తేదీ రెండూ విడివిడి గడుల్లో ఉంచాలి. ఆ రెండింటి తేడాయే ఆలస్యం. తర్వాత దానితో చాలా పని పడుతుంది.
4. పాత వారాలవి ఆలస్యంగా అందిన అవుట్‌బ్రేక్‌లకు వేరే పట్టిక ఉంటుంది. వాటిని మొదలైన వారంలో కలపాలి, అచ్చయిన వారంలో కాదు.

నాలుగో అంశంలో పొరబడి ఒక దొంగ శిఖరం సృష్టించాం. మిగతా ఆధారాలేవీ దానితో కలవకపోతే వాటినే తప్పుపట్టాం.

ఇప్పటివరకు: గీటురాళ్లు 2, ప్రత్యామ్నాయ ఆధారాలు 0.

## దశ 2 (3వ వారం): క్యాలెండరు, పటం

ఏ డేటా తెచ్చినా ముందు ఒకే వారానికి, ఒకే సరిహద్దుకు తేవాలి. చిన్న పనే అనిపిస్తుంది కానీ తర్వాత వచ్చిన తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఐడీఎస్‌పీ వారం సోమవారం నుంచి ఆదివారం దాకా. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారం ఆదివారంతో మొదలవుతుంది, గూగుల్ ట్రెండ్స్ (జనం ఏ మాటలు ఎంతగా వెతుకుతున్నారో చూపే సేవ) వారం కూడా అంతే. పైగా సోమవారం లెక్కన 2020లో 53 వారాలు, 2026లో కూడా 53. ‘గత ఏడాది ఇదే వారం’ అని స్ప్రెడ్‌షీట్‌లో 52 వరుసలు వెనక్కి వెళ్తే ఆ ఏళ్లు దాటాక ప్రతిదీ ఒక వారం జరిగిపోతుంది. పరిష్కారం: రోజువారీ డేటా దొరికినచోట రోజువారీదే తీసుకుని వారాలుగా మనమే కూడాలి. దొరకనిచోట వారం మొదటి తేదీ రాసుకోవాలి, వారం నంబరు కాదు.

జిల్లాల సంగతి ఇంకా చిక్కు. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటతో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పాత జిల్లా పేరూ కొత్త జిల్లా పేరూ ఒకటే అయినచోట కేసులు ఒక్కసారిగా సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. మేం మండలాన్నే మూలం చేసుకుని, ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో ఒక పట్టిక కట్టాం. ఊళ్లకు, మండలాలకు కేంద్రం ఇచ్చే స్థానిక సంస్థల డైరెక్టరీ కోడ్ రాసుకున్నాం. ఎందుకో దశ 4లో తెలుస్తుంది.

## దశ 3 (4–6 వారాలు): సెర్చ్ డేటా

అందరూ ముందు అడిగేది గూగుల్ గురించే. చరిత్ర తెలిసి దిగడం మేలు. 2008లో సెర్చ్‌లను బట్టి ఫ్లూను అంచనా వేసే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ మొదలైంది. 2009 వసంతంలో వచ్చిన హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) తొలి విడతను పట్టుకోలేకపోయింది. 2012–13 చలికాలంలో సీడీసీ లెక్కకు దాదాపు రెట్టింపు చెప్పింది. 2015లో ఆపేశారు. భారత్‌కు కూడా అంచనాలిచ్చిన డెంగీ ట్రెండ్స్ కూడా దానితోపాటే ఆగిపోయింది. జనం వెతికేది జబ్బు పడ్డప్పుడే కాదు, భయపడ్డప్పుడు కూడా.

మేం చేసింది:

1. పదాల జాబితా. తెలుగులోనే డెంగీ, డెంగ్యూ, డెంగి, డెంగు అని నాలుగు రూపాలు. ఇంగ్లిష్ స్పెల్లింగులు అదనం. ఒక్క రూపంతో వెతికితే చాలా వారాలు సున్నా వస్తుంది. సున్నా అంటే ఎవరూ వెతకలేదని కాదు, గూగుల్ పెట్టుకున్న కనీస హద్దుకు అందలేదని.
2. పదాలను రెండు గంపలుగా విడదీయడం. ‘డెంగీ లక్షణాలు’ లాంటివి పేపరు చదివినవాళ్లు వెతికేవి. ‘ప్లేట్‌లెట్ కౌంట్’, ‘బొప్పాయి ఆకు రసం’ లాంటివి చేతిలో రిపోర్టు ఉన్నవాళ్లో, వాళ్ల ఇంట్లోవాళ్లో వెతికేవి. రెండో గంపనే వాడాం.
3. ఒకే ప్రశ్నను 7 రోజులు వరుసగా అడిగి సగటు తీయడం. ట్రెండ్స్ మొత్తం సెర్చ్‌లలోంచి నమూనా తీసి ఇస్తుంది కాబట్టి ఈరోజు అంకె, రేపటి అంకె ఒకటి కావు.
4. ప్రతి ప్రశ్నలో ఏడాదంతా నిలకడగా ఉండే ఒక పదాన్ని జతచేయడం. 100 అనేది ఆ ప్రశ్నలోని శిఖరానికి మాత్రమే 100. లంగరు పదం లేకపోతే జూన్‌లో తీసిన ఫైలునూ సెప్టెంబరులో తీసిన ఫైలునూ అతకలేం.
5. తొమ్మిది నెలల లోపు వ్యవధి అడిగి రోజువారీ అంకెలు తీసుకోవడం. ఎక్కువ వ్యవధి అడిగితే వారాలుగానే వస్తాయి, అవి ఆదివారంతో మొదలవుతాయి.

తప్పింది ఎక్కడంటే, జిల్లా స్థాయికి దిగగానే గీత విరిగిపోయింది. రాష్ట్రం వరకే కొంత నిలకడ. పైగా 2016, 2022 జనవరి ఒకటిన డేటా సేకరణ పద్ధతి మారిందని గ్రాఫ్ మీదే గుర్తు ఉంటుంది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న ఏళ్లను పోల్చకూడదు.

వికీపీడియా పేజీ వీక్షణలు 2015 జూలై నుంచి రోజువారీగా ఉచితంగా దొరుకుతాయి. అవి భాషల వారీగా వస్తాయి. తెలుగు వికీ చదివేవారు నల్గొండలో ఉండొచ్చు, న్యూజెర్సీలో ఉండొచ్చు. జిల్లాకు పనికిరాదు. అయినా పారేయలేదు, వార్తల మీటరుగా పెట్టుకున్నాం. డెంగీ పేజీ వీక్షణలు ఎగిరి, ప్లేట్‌లెట్ సెర్చ్‌లు కదలకపోతే అది వార్తల హడావిడి అని రాసుకుంటాం.

ఇప్పటివరకు: చూసినవి 2, ప్రధానం 0, సహాయకం 2, వదిలేసినవి 0.

## దశ 4 (7–11 వారాలు): పత్రికల జిల్లా పేజీలు

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నదీ, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. కేంద్రంలో మీడియా స్కానింగ్ విభాగం 2008 జూలై నుంచే పనిచేస్తోంది. మండల విలేకరి రాసే నాలుగు వరుసల వార్త దాని కంటే లోతుకు వెళ్తుంది: ‘తండాలో వారం రోజులుగా ఇంటికొకరు మంచం పట్టారు’. ఊరు, వ్యవధి, తీవ్రత మూడూ అందులోనే ఉన్నాయి.

మొదట ‘డెంగీ’, ‘మలేరియా’ అనే రెండు పదాలతో వెతికాం. దాదాపు ఏమీ చిక్కలేదు. మన పత్రికలు మొదటి రోజుల్లో జబ్బు పేరు రాయవు, రాయడానికి పరీక్ష జరగాలి కదా. అవి రాసేది విషజ్వరాలు, వైరల్ జ్వరాలు, మంచం పట్టిన పల్లె, మంచం పట్టిన మన్యం, వాంతులు విరేచనాలు, అతిసారం, డయేరియా, కలుషిత నీరు, అస్వస్థత, కామెర్లు. ఈ పదాలన్నీ చేర్చాక వల నిండింది. చెత్తా నిండింది.

ఎదురైన చిక్కులు, వాటికి మందు:

1. అక్షరాలు. పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల నుంచి వచనం కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వాటికి ఫాంట్ మార్పిడి కంటే పేజీ బొమ్మ తీసి తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వచనంగా మార్చే సాధనం) నడపడమే నయం. వత్తుల దగ్గర తప్పులుంటాయి కాబట్టి అక్షరం అక్షరం కలవాలన్న పట్టు వదిలి, ఒక అక్షరం తేడా వరకు అనుమతించాం.
2. కనిపించని అక్షరం. ‘హాస్టల్‌లో’ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని విభజన గుర్తు ఉంటుంది, కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. అలాగే ఐత్వం యూనికోడ్‌లో (కంప్యూటరు అక్షరాల కోడ్ వ్యవస్థలో) రెండు విధాలుగా నిల్వ కావచ్చు, కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ‘వైరల్’లు కంప్యూటరుకు వేరు. వెతికే ముందు మొత్తం వచనాన్ని యూనికోడ్ ప్రామాణిక రూపానికి మార్చి, ఆ గుర్తును తీసేయాలి. ఈ ఒక్క మార్పు చేయకముందు హాస్టల్ వార్తలు చాలా జారిపోయాయి.
3. విభక్తులు. జ్వరం, జ్వరాలు, జ్వరాలతో, జ్వరపీడితులు. పూర్తి మాట కాకుండా ‘జ్వర’ అన్న మొదలు వెతకాలి. చికున్‌గన్యా, చికెన్ గున్యా, చికన్‌గున్యా అన్నీ ఒకే బుట్టలోకి.
4. అలంకారాలు. ఎన్నికల జ్వరం, క్రికెట్ జ్వరం, పరీక్షల జ్వరం. ‘జ్వర’కు ముందు మాటను చూసి తీసేసే జాబితా రాశాం. అది ప్రతి ఏటా పెరుగుతుంది.
5. ఊరి పేర్లు. రామాపురం, కొత్తపల్లి, వెంకటాపురం పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో. ఊరి పేరు ఒక్కటే చూసి పటం మీద పెడితే జ్వరం పక్క జిల్లాకు పోతుంది. మండలం, ఊరు రెండూ దొరికితేనే కోడ్ వేస్తాం. లేకపోతే మండల విలేకరి డేట్‌లైన్ చూస్తాం. అదీ లేకపోతే ఆ వార్త పక్కకు.
6. ఒకే సంఘటన పది వార్తలు. మంత్రి వచ్చిన రోజు, ప్రతిపక్షం ధర్నా చేసిన రోజు, డీఎంహెచ్‌వో శిబిరం పెట్టిన రోజు వార్తలు రెట్టింపవుతాయి, జ్వరాలు కావు. అందుకని వార్తలు లెక్కపెట్టడం మానేసి ఊరు–వారం లెక్కపెట్టాం. ఒక ఊరు ఒక వారంలో ఎన్ని వార్తల్లో కనబడినా 1.
7. సున్నాకు, ఖాళీకి తేడా. ఎడిషన్ చదివి ఏమీ దొరక్కపోతే 0. ఎడిషన్ అందకపోతే ఖాళీ. ఎన్నికల రోజుల్లో జిల్లా పేజీల్లో జ్వరాలకు చోటు తగ్గుతుంది, ఆ వారాలకు వేరే గుర్తు పెట్టాం.

తేదీ విషయంలో ఇంకో సవరణ. వార్త అచ్చయిన రోజు కాదు, ‘వారం రోజులుగా’, ‘నాలుగు రోజుల నుంచి’ అన్న మాటను బట్టి వెనక్కి లెక్కించిన రోజే మొదలు. ఆ మాట లేకపోతే అచ్చయిన రోజే, పక్కన ప్రశ్నార్థకంతో.

పదాల జాబితాలో ‘వింత వ్యాధి’ ఎందుకు చేర్చాలన్నదానికి ఏలూరే సమాధానం. 2020 డిసెంబరు 5 నుంచి అక్కడ జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. అది అంటువ్యాధి కాదు, ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ జాడలు కనిపించాయి. జ్వరం మాటే లేదు కాబట్టి మా మొదటి జాబితా దాన్ని అసలు పట్టుకునేది కాదు. అది అంటువ్యాధా కాదా అన్నది తేలేది తర్వాత. వలలో పడాల్సింది మొదటి రోజే. మూర్ఛ, స్పృహ తప్పడం, నురగ, వింత వ్యాధి, అంతుచిక్కని వ్యాధి అనే మాటలకు వేరే గంప కట్టాం. ఇందులో ఏది కనబడినా లెక్కల్లో కలపం, నేరుగా ఫోన్ చేసి కనుక్కుంటాం.

ఇప్పటివరకు: చూసినవి 3, ప్రధానం 1, సహాయకం 2, వదిలేసినవి 0.

## దశ 5 (12–17 వారాలు): మందుల షాపు, రక్తనిధి, ల్యాబ్

2020 ఏప్రిల్‌లో జ్వరం, జలుబు, దగ్గు మందులు కొనేవారి వివరాలు రాసుకోవాలని మన దగ్గర మందుల షాపులకు ఆదేశాలు వచ్చాయి. ఆ రోజుల్లో కోవిడ్ అనుమానితులను గుర్తించడానికి అది అవసరమనుకున్నారు. ధోరణి తెలుసుకోవాలంటే మాత్రం పేరు అడగకూడదు. పేరు చెప్పాలంటే కొనేవాడు వేరే ఊరి షాపుకు పోతాడు, లేదా ఇంట్లో ఉన్న గోళీతో సరిపెట్టుకుంటాడు. అప్పుడు మనం కొలిచేది భయాన్ని. కాబట్టి మేం షాపుల నుంచి అడిగేది అంకెలు మాత్రమే.

పారాసిటమాల్ 650 అమ్మకాలతో మొదలుపెట్టి దెబ్బతిన్నాం. కారణాలు మూడు. ఒకటి, కొందరు స్ట్రిప్పులు చెప్పారు, కొందరు గోళీలు, కొందరు డబ్బాలు. రెండు, పల్లెల్లో ఆర్‌ఎంపీలు ఒకేసారి పెద్దమొత్తంలో కొంటారు, ఆ ఒక్క బిల్లు వారం గీతనే ఎత్తేస్తుంది. మూడోది అసలు కారణం: జూలై, ఆగస్టుల్లో నాట్లు. రోజంతా వంగి నాటు వేసినవాళ్లు ఒళ్లునొప్పులకు కొనేది ఇదే గోళీ. జ్వరాలు లేకపోయినా గీత లేస్తుంది.

మార్చినది:

1. కొలమానం గోళీ. స్ట్రిప్పులు, డబ్బాలు అన్నీ గోళీల్లోకి మార్చి రాయాలి.
2. ఒక బిల్లులో 100 గోళీలు దాటితే ఆ బిల్లు లెక్కలోకి రాదు.
3. అదే షాపులో రోజూ వాడే బీపీ గోళీల అమ్మకాన్ని హారంగా పెట్టాలి. బీపీ మందు జ్వరాల్ని బట్టి మారదు. షాపు రెండు రోజులు మూసినా, బిల్లింగ్ కంప్యూటర్ చెడినా రెండూ కలిసే తగ్గుతాయి. ఉదాహరణకు జ్వరం గోళీలు 900, బీపీ గోళీలు 600 అయితే నిష్పత్తి 1.5.
4. బీపీ మందు నెల మొదట్లో ఎక్కువ పోతుంది. అందుకని హారానికి ఒక్క వారం కాదు, 4 వారాల సగటు. షాపు మూసిన రోజులకు వేరే గుర్తు.
5. పారాసిటమాల్‌తోపాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. నాట్ల నొప్పికి ఓఆర్‌ఎస్ కొనరు. రెండూ కలిసి లేస్తేనే నమ్మాలి. వడగాడ్పుల మే, జూన్‌లకు మాత్రం ఈ జత పనికిరాదు.

రక్తనిధి నుంచి ప్లేట్‌లెట్ల సంచుల జారీ అడిగాం. ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 రోజులే, నిల్వ పెట్టి తర్వాత ఇచ్చేది కాదు కాబట్టి జారీ తేదీ అవసరానికి దగ్గరగా ఉంటుంది. అదే దీని గొప్ప. కానీ ముందు చెప్పదు. డెంగీలో ప్రమాదకర దశ జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య. సంచి జారీ అయ్యేసరికి మిగతా ఆధారాలన్నీ ఎప్పుడో కదిలి ఉంటాయి. అవసరం లేకపోయినా బంధువుల ఆదుర్దాకు ఎక్కించడమూ ఉంది. పైగా సిటీలోని రక్తనిధికి నాలుగు జిల్లాల రోగులు వస్తారు. రోగి మండలం రాసిన రిజిస్టరుంటేనే తీసుకున్నాం. తీవ్రత చూడటానికి మాత్రమే.

ఈ ప్రాజెక్టులో దొరికిన అసలైన ఆధారం సీబీపీ, అంటే రక్తకణాల పూర్తి లెక్క. జ్వరం మూడో రోజు దాటితే ఏ చిన్న ఊళ్లో డాక్టరైనా రాసే పరీక్ష అది. రక్త పరీక్ష చేసే యంత్రం (అనలైజర్) నుంచి రోజువారీ ఫైలు నేరుగా వస్తుంది, ఎవరూ ఫారం నింపక్కర్లేదు. మేం చూసేది ఒక్క శాతమే: ఆ వారం చేసిన సీబీపీల్లో ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉన్నవి ఎన్ని? హారం దానిలోనే ఉంది. ల్యాబ్‌కు జనం ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా శాతం అంత తేలిగ్గా మోసపోదు.

అలా అని మొదటిసారే సరిగ్గా రాలేదు.

1. ఆసుపత్రిలో చేరిన రోగికి రోజూ సీబీపీ చేస్తారు. ఒక్కరే ఐదారుసార్లు లక్ష లోపు లెక్కలో పడతారు. రోగి నంబరును ల్యాబ్‌లోనే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్పించి, 14 రోజుల్లో మొదటి పరీక్షనే తీసుకున్నాం. పేరు, ఫోన్ నంబరు ల్యాబ్ గడప దాటకూడదు.
2. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో ఉంచే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరిలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, యంత్రం తక్కువ చూపిస్తుంది. అనలైజర్ గుంపుల హెచ్చరిక ఇచ్చిన శాంపిళ్లను తీసేశాం.
3. మలేరియా, లెప్టోస్పైరోసిస్, ఇంకా చాలా వైరల్ జ్వరాల్లో కూడా ప్లేట్‌లెట్లు పడతాయి. ఇది డెంగీ గీత అని ఎక్కడా రాయకూడదు. జ్వరాల గీత.
4. కేన్సర్, కాలేయ రోగులు ఎక్కువగా వచ్చే పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో ఈ శాతం ఏడాదంతా ఎత్తులోనే ఉంటుంది. వీధి చివరి ల్యాబ్, ఏరియా ఆసుపత్రి ల్యాబ్ మేలు.
5. వారానికి 50 లోపు సీబీపీలు చేసే ల్యాబ్ గీత విడిగా గీయం. 20 పరీక్షల్లో ఒక్కటి మారితే 5 శాతం మారుతుంది. అలాంటి ల్యాబ్‌లను కలిపి ఒకే గీత గీస్తాం.

ఇప్పటివరకు: చూసినవి 6, ప్రధానం 3, సహాయకం 3, వదిలేసినవి 0.

## దశ 6 (18వ వారం): బడి

మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల సంఖ్య రోజూ ప్రతి ప్రభుత్వ బడి నుంచి వస్తుంది, జ్వరాలొస్తే తగ్గాలి. తగ్గింది. దసరాకు ముందూ వెనకా తగ్గింది, వాన పడిన రోజు తగ్గింది, పత్తి ఏరే కాలంలో వారాల తరబడి తగ్గింది. ఈ నాలుగు తగ్గుదలల్లో ఏది జ్వరానిదో విడదీయలేకపోయాం. వదిలేశాం.

గురుకులాలు, హాస్టళ్లలో పిల్లలు అక్కడే ఉంటారు, హారం స్థిరం. ఏఎన్ఎం జ్వరం రిజిస్టరులో రోజువారీ సంఖ్య ఒక్కటే చాలు. ఒకే హాస్టల్‌లో లేచిన గీత నీళ్లదో, తిండిదో కావచ్చు. దూరదూరంగా ఉన్న రెండు హాస్టళ్లు కలిసి లేస్తేనే జిల్లా ధోరణి కింద రాస్తాం.

ఇప్పటివరకు: చూసినవి 8, ప్రధానం 3, సహాయకం 4, వదిలేసినవి 1.

## దశ 7 (19–20 వారాలు): మురుగునీరు

హైదరాబాద్ అనుభవం చూసి దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాం. 2016లో అంబర్‌పేట మురుగు నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. పక్షవాతం వచ్చిన ఒక్క బిడ్డ కూడా లేకముందే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో 3,11,064 మంది పిల్లలకు పాక్షిక మోతాదు ఇంజక్షన్ టీకా వేశారు. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి మురుగు శుద్ధి కేంద్రాల నమూనాలతో నగరంలో కోవిడ్ వ్యాప్తిని అంచనా వేశాయి.

మన పనికి ఎందుకు కుదరలేదంటే, పోలియో వైరస్ మలంలో కుప్పలుగా వస్తుంది, డెంగీ అలా రాదు. అది రక్తంలో ఉండే వైరస్, మూత్రంలో కొద్దిగా వస్తుంది, పైపొర ఉన్న వైరస్ కాబట్టి మురుగులో త్వరగా పాడవుతుంది. రెండో అడ్డంకి ఊరిదే. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణంలో మరుగుదొడ్డి నీరు సెప్టిక్ ట్యాంకులోకి, స్నానాల నీరు సైడు కాలువలోకి. కాలువలో నమూనా తీస్తే మలం జాడే తక్కువ. వాన పడితే ఆ కొద్దీ పలచన. వదిలేశాం. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరంలో, పేగుల జబ్బులకో కోవిడ్‌కో అయితే మళ్లీ ఆలోచించాల్సిందే.

ఇప్పటివరకు: చూసినవి 9, ప్రధానం 3, సహాయకం 4, వదిలేసినవి 2.

## దశ 8 (21వ వారం): వాన

వాతావరణ శాఖ ఫలానా తేదీ వర్షం అంటే ఆ ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలది. ఎక్కువ భాగం ముందురోజు పడిన వానే. ఒక రోజు వెనక్కి జరపకపోతే వారాల అంచుల దగ్గర వాన తప్పు వారంలో పడుతుంది.

దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా 7–10 రోజులు, కుట్టిన దోమ ఒంట్లో వైరస్ సిద్ధం కావడానికి 8–12, మనిషికి జ్వరం రావడానికి 4–10. మొత్తం 19–32 రోజులు. అందుకని వానకు, జ్వరానికి మధ్య 3 నుంచి 5 వారాల ఎడం చూశాం. మిల్లీమీటర్ల మొత్తం పనిచేయలేదు, ఒక్క కుండపోత దోమ లార్వాలను ఊడ్చేస్తుంది. 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజుల సంఖ్య కొంత నయం. అసలు వాన లేకపోయినా కుళాయి రెండు రోజులకోసారి వచ్చే వీధుల్లో డ్రమ్ములు నిండుగా ఉంటాయి, ఈడిస్ దోమకు అవి చాలు. కాబట్టి వాన నేపథ్యం మాత్రమే.

ఇప్పటివరకు: చూసినవి 10, ప్రధానం 3, సహాయకం 5, వదిలేసినవి 2.

## దశ 9 (22–25 వారాలు): పరీక్ష పెట్టడం

ప్రతి ఆధారాన్నీ గీటురాయితో పోల్చితే అన్నీ చక్కగా కలిశాయి. అదే అనుమానం తెప్పించింది. వానాకాలంలో లేచి చలికాలంలో దిగే ఏ రెండు గీతలైనా కలుస్తాయి, గొడుగుల అమ్మకాలు కూడా. కాబట్టి:

1. ప్రతి గీత నుంచి గత ఏళ్లలో అదే వారపు మధ్యగతాన్ని తీసేయాలి. మిగిలినదాన్నే పోల్చాలి. 2020, 2021లను మధ్యగతంలో కలపకూడదు, ఆ రెండేళ్లు జనం ఆసుపత్రికి వెళ్లిన తీరే వేరు.
2. 3 వారాలు ముందు నుంచి 3 వారాలు వెనక దాకా జరిపి చూడాలి. గీటురాయి కంటే ముందు కదిలేదే మనకు కావాలి.
3. ఒక ఏడాదిని పక్కన దాచాలి. హద్దులన్నీ ఖరారయ్యాకే దాన్ని తెరవాలి.
4. ఆనాటికి చేతిలో ఉన్న డేటాతోనే పరీక్షించాలి. తర్వాత సవరించిన అంకెలతో పరీక్షిస్తే ప్రతిదీ గొప్పగా కనిపిస్తుంది. అందుకే ప్రతి సోమవారం అన్ని ఫైళ్లనూ తేదీతో కాపీ చేసి దాస్తాం, పాతదాని మీద ఎప్పుడూ రాయం.

నాలుగోది ఆలస్యంగా తెలుసుకున్నాం. మొదటి కొన్ని వారాల కాపీలు లేవు, ఆ భాగాన్ని పరీక్ష నుంచి తీసేయాల్సి వచ్చింది.

హెచ్చరిక హద్దు కోసం రోజువారీ సీబీపీ శాతానికి సీ2 పద్ధతి వాడాం: రెండు రోజులు వదిలి, దాని ముందు 7 రోజుల సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కలిపిన గీత. ఆదివారం ల్యాబ్ సగం రోజే కాబట్టి ప్రతి సోమవారం గంట మోగింది. 7 రోజుల జారే మొత్తానికి మార్చాక ఆ గోల ఆగింది. పత్రికల ఊరు–వారం లెక్కకు ఇది కుదరదు. వరుసగా సున్నాలుంటే విచలనం సున్నా, ఒక్క ఊరు కనబడినా హెచ్చరికే. అక్కడ కనీసం 3 ఊళ్లు అని హద్దు పెట్టాం.

చివరికి నిలిచిన నియమం: మూడు ప్రధాన ఆధారాల్లో (పత్రికలు, మందుల షాపులు, సీబీపీ) రెండు, వరుసగా రెండు వారాలు హద్దు దాటితేనే ‘పెరుగుతోంది’. ఒక్కటే దాటితే ‘గమనిస్తున్నాం’. 5 కంటే చిన్న అంకెను ఊరి పేరుతో ఎక్కడా చూపించం. చిన్న ఊళ్లో ముగ్గురు అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

## దశ 10: సోమవారం పని

1. ఉదయం: ల్యాబ్ ఫైళ్లు, షాపుల అంకెలు. రానివాళ్లకు ఫోన్. (40 నిమిషాలు)
2. పత్రికల వడపోత నడిపి, మిగిలిన వార్తలను మనిషే చదవడం. దీన్ని యంత్రానికి వదలొద్దు. (60 నిమిషాలు)
3. వాన, సెర్చ్, హాస్టల్, ప్లేట్‌లెట్ల అంకెలు. (20 నిమిషాలు)
4. అన్నిటి కాపీ, తేదీతో. (5 నిమిషాలు)
5. గీతలు, నియమం, రెండు వాక్యాల నోటు. సర్వైలెన్స్ యూనిట్‌కు పంపడం. (25 నిమిషాలు)

వారానికి మొత్తం 2 గంటల 30 నిమిషాలు. ‘వింత వ్యాధి’ గంపలో ఏదైనా పడితే సోమవారం దాకా ఆగం.

ప్రస్తుతం ఆగిన చోటు: సీబీపీ పంపే ల్యాబ్‌లలో ఒకటి కొత్త అనలైజర్ కొంది. కొత్త యంత్రం ప్లేట్‌లెట్లను పాతదానికంటే కాస్త ఎక్కువో తక్కువో చదివితే లక్ష అనే హద్దు దగ్గర శాతం మొత్తం జరిగిపోతుంది, జ్వరాలు తగ్గినట్టో పెరిగినట్టో కనిపిస్తుంది. పాత యంత్రం తీసేయకముందే ఒకే శాంపిల్‌ను రెండింటిలోనూ నడపమని అడిగాం: రోజుకు 10 చొప్పున 10 రోజులు, వాటిలో లక్షకు అటూ ఇటూ ఉన్నవి కనీసం 30 ఉండేలా. ఆ 100 జతలు చేతికొచ్చేదాకా ఆ ల్యాబ్ గీత చుక్కల గీతే, నియమంలో దాని లెక్క తీసుకోం.